ఇంట్లో మనిషికి కొత్త పని సూచించడం ఎలా?

మా ఆయన 20 ఏళ్లు మెడికల్ రిప్రజెంటేటివ్‌గా చేశారు. విజయవాడ సూర్యారావుపేటలో సాయంత్రం పూట ఏ డాక్టరు గది ముందు చూసినా నల్ల బ్యాగులు పట్టుకుని నలుగురైదుగురు నిలబడి ఉంటారు. వాళ్లలో ఆయనొకరు. వారంలో రెండు రోజులు నూజివీడు, తిరువూరు, జంగారెడ్డిగూడెం. నెలాఖరు వస్తే టార్గెట్ టెన్షన్, షాపులకు హోల్‌సేల్‌గా మందులు వేసే స్టాకిస్టుల చుట్టూ తిరుగుడు, రాత్రి పదకొండింటికి మేనేజర్ ఫోను. 44వ ఏట ఒక రాత్రి అన్నం కలుపుతూ చెయ్యి ఆపి, "ఇంక నావల్ల కాదు. వేరే ఏదైనా చూసుకోవాలి. నువ్వైతే ఏం చెయ్యమంటావ్?" అని అడిగారు.

నేను వెంటనే "మెడికల్ షాపు పెట్టండి" అన్నాను. అది తప్పు జవాబు. ఎందుకు తప్పో అర్థం కావడానికి నాకు మూడు నెలలు పట్టింది, దారిన పడడానికి ఇంకో ఎనిమిది నెలలు. భర్తకో భార్యకో కొత్త పని సూచించాల్సి వచ్చినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను చేసిన వరసలో కాదు, చెయ్యాల్సిన వరసలో.

ముందు: అలసటా, పని మీద విరక్తా?

"వేరే పని చూసుకుంటాను" అన్న ప్రతిసారీ మనిషికి కావలసింది వేరే పనే కాకపోవచ్చు. కొందరికి నాలుగు రోజుల నిద్ర కావాలి. కొందరికి పై అధికారి మారితే చాలు. ఇది తేల్చుకోకుండా కొత్త ఉద్యోగాల జాబితా తీస్తే, ఏడాది తిరక్కుండానే ఆ కొత్త దాంట్లో కూడా ఇదే మాట వినాల్సి వస్తుంది.

వీలైతే ఒక వారం సెలవు పెట్టించండి. తిరుపతికో అరకుకో ప్రయాణం పెట్టుకోవద్దు, ఇంట్లోనే ఉండనివ్వండి. అయిదారు రోజులు గడిచి మనిషి తేరుకున్నాక ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "ఇదే పని, ఇదే జీతం, మేనేజర్ మాత్రం మంచివాడు. చేస్తారా?" జవాబు అప్పటికప్పుడే చెప్పమని పట్టుపట్టొద్దు. మా ఆయన రెండు రోజులు ఆగి చెప్పారు. "డాక్టరు గది బయట గంటసేపు నిలబడటం ఇంక నావల్ల కాదు. మా మందే రాయండి అని అడగడమూ నావల్ల కాదు. లోపలికి వెళ్లాక మందు గురించి చెప్పడం మాత్రం ఇప్పటికీ బాగానే ఉంటుంది."

ఆ చివరి వాక్యాన్ని నేను ఆ రోజు పట్టించుకోలేదు. మీరు పట్టించుకోండి, రాసి పెట్టుకోండి. నచ్చనివి చెప్తూ చెప్తూ మధ్యలో "ఇది మాత్రం బాగుంటుంది" అని ఒక్కటి బయటపడితే, వెతకాల్సిన చోటు అక్కడే ఉంది.

ఒక నోటుపుస్తకం, 30 రోజులు

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. పదిహేనేళ్లు ఒకే ఇంట్లో ఉన్న మనిషికి ఏది అబ్బిందో మనకు తెలుసనుకుంటాం కానీ, నిజానికి రోజూ చూస్తుంటాం కాబట్టే చూడటం మానేస్తాం. అందుకని 30 రోజులు రాయండి.

రాసేటప్పుడు ఒకటే నియమం: గుణాలు రాయకూడదు, జరిగింది రాయాలి. "ఓపిక ఎక్కువ", "తెలివైనది", "కష్టపడతాడు" లాంటి మాటలు పెళ్లి సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు పనికొస్తాయి, ఉద్యోగం వెతకడానికి పనికిరావు. ఏ రోజు, ఎవరు అడిగారు, ఏం చేశారు, ఎంతసేపు పట్టింది, అయిపోయాక మనిషి ఎలా ఉన్నారు అన్నవి రాయండి. ఆ చివరిదే ముఖ్యం. నా పుస్తకంలోవి రెండు ఇక్కడ పెడుతున్నాను.

"మంగళవారం రాత్రి 10. కొత్తగా చేరిన కుర్రాడి ఫోను, రేపు గుండె డాక్టరు దగ్గర ఏం మాట్లాడాలని. 40 నిమిషాలు. వాడి చేత మూడుసార్లు చెప్పించుకున్నారు. ఫోను పెట్టేశాక నిద్రొస్తోందనలేదు, టీ పెట్టమన్నారు."

"ఆదివారం. అపార్ట్‌మెంట్ మీటింగ్. మెయింటెనెన్స్ బకాయిలు వసూలు చేసే బాధ్యత తీసుకోమన్నారు. ఒప్పుకోలేదు. ఇంటికొచ్చాక కూడా చిరాకు. భోజనం సరిగ్గా చెయ్యలేదు."

ఇలాంటివి ఇరవై చేరాక నాకే తెలియకుండా ఒక బొమ్మ కట్టింది. వివరంగా చెప్పాల్సిన పని ఎంతసేపు చేసినా ఆయన అలసిపోరు. డబ్బు అడగాల్సిన పని అయిదు నిమిషాలైనా ఆయన్ని పీల్చేస్తుంది. 20 ఏళ్లుగా ఈ రెండూ ఒకే ఉద్యోగంలో కలిసి ఉండడంతో ఆ ఉద్యోగం మొత్తం ఆయనకు సరిపడదనుకున్నాం.

ఆ నెలలోనే జరిగిన ఒక సంగతి మాత్రం పూర్తిగా చెప్పాలి. ఎదురు ఫ్లాటు మాస్టారికి రాత్రివేళ గుండెనొప్పి వచ్చింది. ఆసుపత్రిలో చేర్చి స్టెంటు వేశారు. మూడో రోజు డిశ్చార్జి అనగా బీమా కంపెనీ నుంచి డబ్బు కట్టం అని జవాబొచ్చింది. మాస్టారి భార్యని మేం పిన్నిగారు అంటాం. ఆవిడ ఫోను చేస్తే మేమిద్దరం వెళ్లాం. బిల్లింగ్ కౌంటర్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చేతిలో నాలుగు కాగితాలు, ఏ కాగితం ఎందుకో తెలియదు ఆవిడకి. మా ఆయన నేరుగా కౌంటర్ దగ్గరికి వెళ్లలేదు. ముందు ఆవిడ పక్కన కూర్చున్నారు. కాగితాలు ఒక్కొక్కటీ తీసి, "పిన్నిగారూ, ఇది ఆసుపత్రివాళ్లు పంపింది. ఇది కంపెనీ ఇచ్చిన జవాబు. వీళ్లు ఒక్క ప్రశ్నే అడుగుతున్నారు: షుగర్ ఎప్పటినుంచి అని" అని చెప్పారు. పాలసీ తీసుకుని మూడున్నరేళ్లు. కేసు షీటులో షుగర్ 12 ఏళ్లుగా ఉందని టైపయ్యింది. అంటే ఉన్న జబ్బు దాచి పాలసీ తీసుకున్నారని కంపెనీ అనుమానం. మా ఆయన చేర్చుకున్న రాత్రి డ్యూటీ డాక్టరు చేత్తో రాసిన కాగితం చూపించమన్నారు. అందులో '1-2' అని ఉంది. మధ్యలో గీత సన్నగా పడింది, టైపు చేసినవాళ్లకు 12 లా కనిపించింది. డాక్టరు దగ్గరికి వెళ్లి, గొంతు పెంచకుండా, ఆ గీత చూపించి, సవరణ లేఖ రాయించి, మళ్లీ పంపించారు. సాయంత్రం ఆరింటికి అనుమతి వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి ఎనిమిది. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. ముఖం మాత్రం పెళ్లికి వెళ్లొచ్చిన వాడి ముఖంలా ఉంది. టార్గెట్ పూర్తయిన నెలలో కూడా నేను ఆ ముఖం చూడలేదు. ఆ రాత్రి పుస్తకంలో రెండు పేజీలు రాశాను.

మరో ముగ్గుర్ని అడగండి

మీరు చూసేది ఇంట్లో మనిషిని. బయట మనిషి వేరే ఉంటారు. కాబట్టి పనిచేసే చోట ఒకరిని, పాత స్నేహితుల్లో ఒకరిని, చిన్నప్పటినుంచి ఎరిగిన ఒకరిని అడగండి. "మా ఆయన ఎలాంటివారు" అని అడిగితే మర్యాదకి మంచే చెప్తారు. "ఏ పని పడితే మీకు ముందు ఈయన గుర్తొస్తారు?" అని అడగండి. అది చెప్పడానికి వాళ్లు ఏదో ఒక సంఘటన గుర్తు చేసుకోవాల్సి వస్తుంది.

మా అత్తయ్య చెప్పింది నన్ను ఆశ్చర్యపరిచింది. పదో తరగతిలో ఉండగానే వీధిలోవాళ్లు ఉత్తరాలు, కరెంటు ఆఫీసు నోటీసులు చదివించుకోవడానికి ఈయన దగ్గరికే వచ్చేవారట. "చదివి ఊరుకునేవాడు కాదు, భయపడకండి అని చెప్పి పంపేవాడు" అన్నారు. ముప్పై ఏళ్ల కిందటి మాటా, మొన్న ఆసుపత్రిలో జరిగిందీ ఒకటే.

ఈ అడగడం సంగతి మీ వాళ్లకు తెలిసే జరగాలి. చాటుగా అడిగితే, తర్వాత తెలిసినప్పుడు నన్ను తూకం వేస్తున్నావా అన్న బాధ మిగులుతుంది.

నైపుణ్యం వేరు, బలం వేరు

చెయ్యి తిరిగిన పని అంతా బలం కాదు. ఏళ్ల తరబడి చేస్తే ఏ పనైనా చెయ్యి తిరుగుతుంది. చేశాక మనిషిలో ఊపిరి నింపేది బలం, చేశాక ఖాళీ చేసేది అలవాటు. ఈ తేడా తెలియక చాలా ఇళ్లల్లో డబ్బు పోతోంది, మనసులు విరుగుతున్నాయి.

మా తోడికోడలి విషయం చెప్తాను, ఆవిడ అనుమతితోనే. ఆవిడ ఆవకాయ పెడితే చుట్టాలందరూ సీసాలు తెచ్చుకుని వస్తారు. "పచ్చళ్ల వ్యాపారం పెట్టు, నీ చేతిలో అమృతం ఉంది" అని మా మరిది పట్టుబట్టి పెట్టించారు. ఆహార పదార్థాలు అమ్మడానికి ఎఫ్ఎస్ఎస్ఎఐ రిజిస్ట్రేషన్ చేయించారు, సీసాలు, లేబుళ్లు తెప్పించారు. ఏడాదికే మూసేశారు. పచ్చడి రుచిలో ఏ లోపమూ లేదు. పచ్చళ్ల వ్యాపారంలో పచ్చడి కలపడం ఏడాదికి నెలన్నర పని. మిగతా పదిన్నర నెలలు కొరియర్ వాళ్లతో మాట్లాడటం, కారిన సీసాకు డబ్బు వెనక్కివ్వడం, చుట్టాల దగ్గర డబ్బు అడగడం, ప్రతి బ్యాచ్‌కీ ఉప్పూ కారం కొలతల్లో రాసి పెట్టుకోవడం. ఆవిడకి ఇవేవీ సరిపడవు. ఆవిడ బలం చేతి రుచిలో కంటే, పదిమంది ఆడవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఎవరికి ఏ పని ఇస్తే చేస్తారో కనిపెట్టడంలో ఉంది. ఇప్పుడు ఒక మహిళా హాస్టల్ వంటశాల చూసుకుంటున్నారు. వంటవాళ్లు నలుగురు ఆవిడ మాట మీద నడుస్తారు. అక్కడ ఆవిడ గరిటె పట్టుకోవడం తక్కువే.

కాబట్టి పుస్తకంలో రాసినవన్నీ చదివి ఒక్క వాక్యం తయారు చెయ్యండి. అందులో ఒక క్రియ ఉండాలి, ఎవరికోసమో ఉండాలి, ఎలాంటి వేళో ఉండాలి. మా ఆయనకు నేను రాసిన వాక్యం ఇది: "భయంలో ఉన్న మనిషికి అర్థంకాని కాగితాన్ని అర్థమయ్యేలా చెప్తారు, టేబుల్ అవతల ఉన్నవాళ్లతో బెరుకు లేకుండా, గొడవ లేకుండా మాట్లాడి పని జరిపిస్తారు." ఇందులో మందులు లేవు, అమ్మకం లేదు, బీఎస్సీ లేదు. వాక్యంలోకి డిగ్రీ పేరో పాత హోదానో వచ్చి చేరితే కొట్టేసి మళ్లీ రాయండి.

ప్రశ్నావళుల గురించి ఒక మాట. అమెరికా మనస్తత్వవేత్త జాన్ హాలండ్ 1959లో వృత్తుల ఎంపిక మీద ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. దాని ప్రకారం వృత్తి అభిరుచులు ఆరు రకాలు: చేతులతో చేసే పని, శోధించడం, కళ, మనుషులకు సాయపడటం, ఒప్పించి నడిపించడం, లెక్కా పత్రం పద్ధతిగా ఉంచడం. అమెరికా కార్మిక శాఖ వాళ్ల 'మై నెక్స్ట్ మూవ్' సైటులో ఈ పద్ధతి మీద కట్టిన ప్రశ్నావళి ఉచితంగా దొరుకుతుంది, ఇంగ్లిష్‌లో. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చెయ్యండి, మాట మొదలుపెట్టడానికి బాగుంటుంది. దాన్నే తీర్పుగా తీసుకోకండి. మా ఆయనకు సాయపడటం, ఒప్పించడం రెండూ దాదాపు సమానంగా వచ్చాయి. ఒప్పించడం 20 ఏళ్ల అలవాటు వల్ల వచ్చిందని ప్రశ్నావళికి తెలియదు, నా నోటుపుస్తకానికి తెలుసు.

ఇందులో మీ సౌకర్యం ఎంత?

నేను మెడికల్ షాపు ఎందుకన్నానో తర్వాత నిజాయితీగా ఆలోచించాను. ఆయన రాత్రి తొమ్మిదిన్నరకల్లా ఇంట్లో ఉంటారని. ఊళ్లు తిరగడం ఉండదని. మా వీధి చివరే గది ఖాళీగా ఉందని. ఇవన్నీ నాకు కావలసినవి. ఆయన పుస్తకంలో ఒక్కటీ లేదు.

పైగా చట్టం సంగతి కూడా చూసుకోలేదు. రిటైల్ మందుల షాపులో చీటీ చూసి మందు ఇవ్వాలంటే రిజిస్టర్డ్ ఫార్మసిస్టు ఉండి తీరాలి. డీఫార్మసీయో బీఫార్మసీయో లేని మా ఆయన ఎన్నేళ్లు మందుల మధ్య తిరిగినా ఆ అర్హత రాదు, జీతమిచ్చి ఒకరిని పెట్టుకోవాలి. హోల్‌సేల్ లైసెన్సుకైతే డిగ్రీతో పాటు మందుల అమ్మకంలో ఏడాది అనుభవం ఉన్నా సరిపోతుంది. ఆ దారి ఉంది కానీ, స్టాకిస్టు అంటే నెలంతా బకాయిలు వసూలు చెయ్యడమే. ఆయన్ని ఖాళీ చేసే పని సరిగ్గా అదే.

భర్తలు భార్యలకు చెప్పేటప్పుడు ఈ పరీక్ష ఇంకా కఠినంగా పెట్టుకోవాలి. "ఇంట్లో ఉండి చేసుకునేది ఏదైనా చూసుకో" అన్న మాట చాలా ఇళ్లల్లో వింటాను. ట్యూషన్లు, టైలరింగ్, పచ్చళ్లు, చీరల అమ్మకం. ఆవిడ బలం చూసి చెప్పారా, సాయంత్రం నాలుగింటికి పిల్లలు వచ్చేసరికి తలుపు తీసే మనిషి కావాలని చెప్పారా? రెండోదే అయితే అది సూచన కాదు, మీ అవసరం. అవసరం ఉండటం తప్పు కాదు. దాన్ని ఆవిడ బలం పేరు మీద చెప్పడం మాత్రం తప్పు. ఒక కాగితం మీద "ఈ పని ఎంచుకుంటే నాకు కలిసొచ్చేవి" అని రాసి, ఆ కాగితం ముందు మీరే ఆవిడకి చూపించండి.

పనిని గంటల్లోకి విడగొట్టి చూడండి

ఇప్పుడు ఆ వాక్యానికి సరిపోయే పనులు వెతకాలి. పేరు చూసి కాదు, పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా ఆ మనిషి ఏం చేస్తారో చూసి. ఆ పని చేస్తున్నవాళ్ల దగ్గరికి వెళ్లి, "నిన్న ఏం చేశారో గంట గంటకీ చెప్పండి" అని అడగండి. జీతం తర్వాత అడగొచ్చు.

మేం నాలుగు చూశాం: మందుల కంపెనీలో కొత్తవాళ్లకు శిక్షణ ఇవ్వడం, ఆరోగ్య బీమా ఏజెంటు, ఆసుపత్రిలో బీమా డెస్కు, ఆరోగ్యశ్రీ లాంటి పథకాల కింద వచ్చే రోగులకు దారి చూపే పని. శిక్షణ పని ఆయన వాక్యంలో మొదటి సగానికి అతికినట్టు సరిపోయింది, కానీ హైదరాబాద్‌లో మకాం పెట్టి మళ్లీ ఊళ్లు తిరగాలి. బీమా ఏజెంటుకు పదో తరగతి చాలు, 25 గంటల శిక్షణ, తర్వాత 50 ప్రశ్నల పరీక్ష, 35 శాతం వస్తే పాస్. ఆసుపత్రి బీమా డెస్కుకు ప్రత్యేకంగా ఒక డిగ్రీ అంటూ లేదు. కేసు షీటు చదవగలగాలి, డాక్టర్లతో మాట్లాడగలగాలి, రోగి ఇంటివాళ్లకు చెప్పగలగాలి. నగదు రహిత చికిత్సకు అనుమతి అడిగితే గంటలోపు, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లోపు బీమా కంపెనీలు తేల్చి చెప్పాలని 2024లో బీమా రంగ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నియమం పెట్టింది. ఆసుపత్రి వైపు నుంచి కాగితాలు సరిగ్గా వెళ్తేనే ఆ గంటలు రోగికి ఉపయోగపడతాయి. కాగితం చదవడం తెలిసిన మనిషికి అక్కడ విలువ ఉంది.

మీ ఇంట్లో బలం వేరుగా ఉంటుంది కాబట్టి నాకు తెలిసిన మరికొన్ని చెప్తాను. వరుసగా మూడు గంటలు కూర్చుని తప్పు పట్టుకోగలిగేవాళ్లు, లైఫ్ సైన్సెస్ చదివినవాళ్లు ఉంటే మెడికల్ కోడింగ్ చూడొచ్చు, అంటే రోగుల రికార్డులు చదివి జబ్బులకూ చికిత్సలకూ నిర్ణీత కోడ్‌లు వేసే పని. దాని సర్టిఫికెట్ కోసం రాసే సీపీసీ పరీక్ష 100 ప్రశ్నలు, నాలుగు గంటలు, 70 శాతం రావాలి. పుస్తకాలు చూసి రాయొచ్చు, కానీ వెతుక్కునే తీరిక ఉండదు. మాట కలుపుగోలుతనం మీద బతికే మనిషిని మాత్రం అందులో కూర్చోబెట్టకండి, నలిగిపోతారు.

చిన్నపిల్లలకు చెప్పే ఓపిక ఉన్నవాళ్లను చాలామంది బీఈడీ చెయ్యమంటారు. సర్కారు ప్రైమరీ బడి టీచరు కావాలంటే బీఈడీ పనికిరాదు. 1 నుంచి 5 తరగతులకు ప్రైమరీ టీచర్ల డిప్లొమా డీఎల్ఈడీ ఉండాలని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. రెండేళ్లు, ఫీజు పెట్టాక తెలిస్తే ఏడుపొస్తుంది. టీచరు అర్హత పరీక్ష టెట్ పాసైన పాత సర్టిఫికెట్ మూల పడి ఉంటే దాన్ని మాత్రం బయటికి తియ్యండి, 2021 నుంచి దానికి గడువు లేదు, జీవితాంతం చెల్లుతుంది. ఇంటర్ దగ్గర చదువు ఆగిపోయినవాళ్లకు దూరవిద్యలో డిగ్రీ దారి ఉంది. హైదరాబాద్‌లో 1982లో పెట్టిన అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటిది. కేంద్ర ప్రభుత్వ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నో కూడా ఉంది.

అమెరికాలో హెచ్-4 మీద, అంటే హెచ్-1బి ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే వీసా మీద ఉన్నవాళ్లకు ఈ వరస మొత్తం ఒక మెట్టు వెనక మొదలవుతుంది. 2015 నుంచి కొందరు హెచ్-4 వాళ్లకు పని అనుమతి ఇస్తున్నారు, అందరికీ కాదు. భర్త లేదా భార్య గ్రీన్‌కార్డు దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందన్న దాని మీద ఆధారపడుతుంది. అనుమతి లేనప్పుడు పని సూచిస్తే ఆశ పెట్టి ఆపినట్టవుతుంది. అప్పుడు చదువు దగ్గర మొదలుపెట్టండి.

డబ్బు లెక్క, చెప్పే ముందే

సూచన నోట్లోంచి వచ్చేలోపే లెక్క కాగితం మీద ఉండాలి. మాకు నెలకు 38 వేలు ఖర్చు, అందులో ఇంటి లోను 14 వేలు. ఆయన జీతం 52 వేలు. బీమా డెస్కులో మొదట వచ్చేది 30 వేల చుట్టూ అని తెలిసింది. అంటే ఖర్చుకు నెలకు 8 వేలు తక్కువ. ఏడాదికి 96 వేలు. ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీ చూసుకున్నాం: చివరి బేసిక్, డీఏ కలిపి 26 వేలు. దాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే 15 వేలు. ఆ కంపెనీలో 12 ఏళ్లు, అంటే లక్షా 80 వేలు. దాదాపు రెండేళ్ల లోటుకు అది సరిపోతుంది. ఈ ఒక్క లెక్కతో మా ఇంట్లో సగం భయం పోయింది.

చాలామంది మర్చిపోయేది ఆరోగ్య బీమా. కంపెనీ ఇచ్చిన గ్రూప్ పాలసీ ఉద్యోగంతో పాటే పోతుంది. కొత్తగా పాలసీ తీసుకుంటే ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. రాజీనామా ఇవ్వకముందే సొంత పాలసీ తీసుకోండి, లేదా అదే కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో అడగండి.

వ్యాపారమైతే అప్పు చివర్లో. చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే ముద్ర పథకంలో శిశు రుణం 50 వేల దాకా దొరుకుతుంది కదా అని దాంతోనే మొదలుపెట్టకండి. దొరికే అప్పును బట్టి పని ఎంచుకోకూడదు.

ఎలా చెప్పాలి

నలుగురిలో వద్దు. అత్తమామల ముందు, బావమరుదుల ముందు అసలు వద్దు. ఉద్యోగం పోయినవాళ్లతో అయితే పోయిన వారంలోనే వద్దు. తిండి అయ్యాక, ఫోన్లు పక్కన పెట్టి, ఇద్దరే ఉన్నప్పుడు.

"మీరు ఇది చెయ్యాలి" అని మొదలుపెట్టకండి. జరిగింది ముందు పెట్టండి. నేను నోటుపుస్తకం తెచ్చి మాస్టారి ఆసుపత్రి పేజీ తీసి చేతికిచ్చాను. చదివారు. "ఇలాంటివి పదకొండు ఉన్నాయండీ ఇందులో. ఈ పని చేసిన ప్రతిసారీ మీరు తేలిగ్గా ఇంటికొచ్చారు. దీనికి జీతమిచ్చే చోట్లు రెండు మూడు కనిపించాయి నాకు. చూద్దామా?" అన్నాను. అంతే. ఆ తర్వాత నోరు మెదపలేదు. అది కష్టం, కానీ ఆగాలి. ఆయన పుస్తకం మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు. చదువుతూ ఒకచోట, "ఇది నువ్వు గమనించావా?" అన్నారు.

భర్త భార్యకు చెప్పేటప్పుడు కూడా ఇంతే. "ఇన్నాళ్లూ ఇంట్లో ఖాళీగా ఉన్నావు కదా" అన్న మాట మీ నోట రాకూడదు. పదేళ్లు ఇల్లు నడిపిన మనిషి ఖాళీగా లేదు. ఆ పదేళ్లలో ఆవిడ చేసినవే మీ పుస్తకంలో సాక్ష్యాలు.

చిన్నగా చేసి చూడాలి, వద్దంటే వినాలి

ఉద్యోగం మానకుండానే రుచి చూసే దారి ఏదో ఒకటి ఉంటుంది. మా ఆయన తెలిసిన ఒక చిన్న ఆసుపత్రిలో అడిగి, నాలుగు శనివారాలు బీమా డెస్కు పక్కన కూర్చున్నారు. రెండో శనివారం ఒకాయన కౌంటర్ మీద చెయ్యి చరిచి అరిచాడట. ఆ రోజు ఇంటికొచ్చాక ఎలా ఉంటారో అని చూశాను. బాగానే ఉన్నారు. ఆ మనిషి అరుపుకు కారణమేంటో చెప్పుకొచ్చారు. అది కూడా పుస్తకంలో రాశాను.

ఆ నాలుగు శనివారాలు ఇంట్లో ఆయన పనులు ఎవరు చేస్తారో కూడా ముందే మాట్లాడుకోవాలి. మా పెద్దాడి లెక్కల క్లాసుకు దింపడం నేను తీసుకున్నాను. కొత్త పని సూచించినవాళ్లు తమ సమయంలో కొంత ఇవ్వాలి. వాళ్లు నేర్చుకునే గంటలకు మీరు చోటు చేసి ఇవ్వకుండా సలహా ఇస్తే, ఆ సలహా వాళ్లకు ఇంకో బరువు.

నేను మనసులో గట్టిగా అనుకున్నది బీమా ఏజెంటు పని. సమయం మన చేతిలో ఉంటుంది, పెరిగే కొద్దీ ఆదాయం పెరుగుతుంది, మేం ఎరిగిన మనుషులు చాలామంది. ఆయన పరీక్ష కూడా రాసి పాసయ్యారు. తర్వాత చెప్పారు: "పాలసీ గురించి ఎంతసేపైనా చెప్తాను. చివర్లో తీసుకోండి అనాలి కదా, అక్కడే గొంతు పట్టేస్తోంది. మళ్లీ అదే పని నావల్ల కాదు." నా పుస్తకంలో ఆదివారం మీటింగ్ పేజీలో ఉన్నది కూడా అదే. రాసిన నేనే దాన్ని చదవలేదు. బీమా డెస్కు ఆయన ఎంచుకున్నారు, నేను కాదు. మీరు సూచించినదాన్ని అవతలి మనిషి మార్చుకుంటే మార్చుకోనివ్వండి. వద్దంటే ఒకసారి కారణం అడిగి వదిలెయ్యండి. మళ్లీ ఎత్తాలనిపిస్తే కొత్త సంఘటన ఏదైనా పుస్తకంలో చేరాకే ఎత్తండి.

ఆరు నెలల తేదీ

చేరిన రోజే క్యాలెండర్‌లో ఆరు నెలల తర్వాత తేదీ గుర్తు పెట్టుకోండి. ఆ లోపు "ఎలా ఉంది, నచ్చిందా, తప్పు చేశామా" అని రోజూ అడగొద్దు. ఆ రోజు కూర్చుని మూడు ప్రశ్నలు మాట్లాడుకోండి. ఇంటికి వచ్చేటప్పుడు ఎలా వస్తున్నారు? లెక్కలో అనుకున్న లోటు అంతే ఉందా, పెరిగిందా? ఏడాది తర్వాత ఇదే పనిలో ఇంకో మెట్టు కనిపిస్తోందా?

మా తేదీ పోయిన నెలలో వచ్చింది. మొదటి ప్రశ్నకు ఆయన నవ్వి, నువ్వే చూస్తున్నావుగా అన్నారు. లోటు అనుకున్న 8 వేలు కాదు, 6,500. పెట్రోలు తగ్గింది. మూడో ప్రశ్నకు జవాబు చెప్పబోతుండగా ఫోను మోగింది. రాత్రి తొమ్మిదిన్నర. ఎవరో పేషెంటు కొడుకు, కంపెనీ నుంచి ఏదో లేఖ వచ్చిందట. ఆయన లేచి బాల్కనీలోకి వెళ్లి, "ముందు ఆ కాగితంలో పై లైను చదవండి బాబూ, తొందరేం లేదు" అంటున్నారు. నేను పుస్తకం తెచ్చుకుని టైము రాసుకున్నాను.